ఉగ్గుగిన్నెలో ఎవరి వాటా?

బాలానగర్‌లో ఏ ఆటో ఎక్కి ‘ఐడీపీఎల్’ అన్నా డ్రైవర్ మారుమాట అడగడు. 1961లో ఏర్పడి, సోవియట్ సాయంతో ఇక్కడ ఫ్యాక్టరీ కట్టిన ఆ ప్రభుత్వ మందుల సంస్థలో తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది. పేరు మాత్రం చౌరస్తాకూ కాలనీకీ అతుక్కుపోయింది. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన కల్లం అంజిరెడ్డి ఒకప్పుడు ఉద్యోగం చేసింది ఇందులోనే. ఇక్కడ పని నేర్చుకుని బయటికొచ్చినవాళ్ల చలవతో హైదరాబాద్ మందుల ఊరైంది. ఇప్పుడా చుట్టుపక్కల గల్లీల నిండా లేత్ మిషన్ల షెడ్లు, వాటి వెనక ఒంటిగది అద్దె ఇళ్లు, ఆ గదుల్లో పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా, బీహార్‌ల నుంచి వచ్చిన సంసారాలు.

ఇలాంటి గల్లీల అంగన్‌వాడీల్లో తూకం వేసే రోజున టీచర్లకు తరచూ వినపడే మాట ఒకటుంది: “మంచిగనే తింటడు మేడం, ఒంటికి పడ్తలేదు.” బిడ్డను తూకంలో కూర్చోబెడతారు. వాడు కాళ్లు తన్నుకుంటూ ఏడుస్తాడు. అంకె కుదురుగా నిలిచేదాకా ఆగి టీచర్ చార్టు మీద చుక్క పెడుతుంది. చుక్క ఆకుపచ్చ పట్టీ దాటి పసుపులోకి దిగితే తల్లి ముఖం చిన్నబోతుంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అంతకుముందు, 2015-16 సర్వేలో అది 28 శాతం. తగ్గాల్సింది పోయి పెరిగింది.

తిన్నది ఒంటికి పట్టకపోవడానికి మనం మొదట్నుంచీ చెప్పుకునే కారణాలున్నాయి: తిండి చాలకపోవడం, మాటిమాటికీ విరేచనాలు, నులిపురుగులు, కడుపుతో ఉన్నప్పుడు తల్లికి రక్తం తక్కువగా ఉండటం. అవన్నీ నిజమే. గత పదిహేనేళ్లలో వీటి పక్కన మరో కారణం వచ్చి చేరింది. బిడ్డ పేగుల్లో కాపురముండే బ్యాక్టీరియా. పెట్టిన ముద్దను బిడ్డ ఒక్కడే తినడు. అందులో బ్యాక్టీరియా వాటా ఎంత, తిన్నందుకు అవి బదులుగా ఏమిస్తాయి అన్నదాన్ని బట్టి కూడా బిడ్డ ఎదుగుదల ఉంటుంది.

ఈ సంగతికి తొలి ఆధారం దొరికింది ఒక తెలుగువాడు పరిశోధన నడిపిన చోటే, అదీ ఆయన పోయాక. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకు పేగుల జబ్బులతో పాత పగ ఉంది. తిన్నదేదీ ఒంటికి పట్టకుండా మనిషిని ఎండగట్టే స్ప్రూ జబ్బుతో ఆయన అన్న చనిపోయాడు. ఆయనకూ అదే వస్తే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. తర్వాత అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూకు పనిచేసింది. అక్కడే ఆయన ఆధ్వర్యంలో బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందుగా 1948లో లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

అదే ఏడాది చివర్లో ఆ సంస్థలోనే థామస్ జూక్స్, రాబర్ట్ స్టాక్‌స్టాడ్ అనే ఇద్దరు, కోడిపిల్లలకు విటమిన్ బీ12 అందించే చవక మేత కోసం వెతుకుతున్నారు. ఆరియోమైసిన్ తీసేశాక మిగిలిన పిప్పిని ఎండబెట్టి మేతలో కలిపి చూశారు. విటమిన్ వల్ల రావాల్సిన దానికన్నా ఎక్కువ బరువు వచ్చింది. పిప్పిలో మిగిలిపోయిన మందు జాడే దానికి కారణం. 1950 నుంచి ప్రపంచంలోని కోళ్ల పరిశ్రమ ఆ రుచి మరిగింది. ఐరోపా సమాఖ్య 2006లో ఈ పద్ధతిని పూర్తిగా మాన్పించింది. మన దేశం 2019లో కొలిస్టిన్ ఒక్కదాన్ని కోళ్లకూ పశువులకూ వాడొద్దంది.

ఇందులో మనకు కావలసింది తర్వాత జరిగిన పరీక్ష. ఒక్క సూక్ష్మజీవి కూడా చొరబడని పెట్టెల్లో పెంచిన కోడిపిల్లలకు అదే తరహా మందు కలిపి పెడితే ఎదుగుదలలో తేడా రాలేదు. అంటే మందు పనిచేసింది కోడి మీద కాదు, దాని పేగుల్లోని బ్యాక్టీరియా మీద. బాగా మేత దొరికే కోడిపిల్ల విషయంలో బ్యాక్టీరియా వాటా నష్టం కిందే లెక్క అని తేలింది. మరి తిండి సరిగా అందని మనిషి బిడ్డ విషయంలో?

ఆ ప్రశ్నకు ఒక కొస తార్నాకలో ఉంది. అక్కడి జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూర్‌లో చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1950ల చివర్లో హైదరాబాద్‌కు వచ్చింది. ఇక్కడ డైరెక్టర్‌గా పనిచేసిన సి. గోపాలన్ అప్పటి వైద్య పుస్తకాల మాటను ప్రశ్నించారు. మాంసకృత్తులు చాలకపోతే క్వాషియార్కర్ వస్తుంది, ఒళ్లు ఉబ్బి, జుట్టు ఎర్రబడి, చర్మం పొరలుగా లేస్తుంది. మొత్తం తిండే చాలకపోతే మెరాస్మస్ వస్తుంది, బిడ్డ ఎముకల గూడవుతుంది అని ఆ పుస్తకాలు చెప్పేవి. ఈ రెండు రకాల పిల్లల తిండిని పోల్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా ఏదీ లేదని 1968లో ఆయన రాశారు. తిండి ఒకటే, పేదరికం ఒకటే, ఒకడు ఉబ్బుతున్నాడు, ఇంకొకడు ఎండిపోతున్నాడు. తేడా బిడ్డ శరీరం ఆ లోటుకు సర్దుకునే తీరులో ఉందని ఆయన ఊహ.

దీనికి సగం జవాబు 2013లో ఆఫ్రికాలోని మలావీ నుంచి వచ్చింది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన జెఫ్రీ గోర్డన్ బృందం అక్కడ 317 జతల కవలలను మూడేళ్ల వయసు దాకా గమనించింది. ఒకే తల్లి, ఒకే ఇల్లు, ఒకే కుండలో వండిన మక్క జావ. అయినా 43 శాతం జతల్లో ఒక బిడ్డ తీవ్ర పోషకాహార లోపంలో పడింది, రెండో బిడ్డ పడలేదు. అలాంటి కొన్ని జతల మలం నుంచి తీసిన బ్యాక్టీరియాను, పుట్టుకతో సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకల్లోకి ఎక్కించి, వాటికి మలావీ తిండే పెట్టారు. క్వాషియార్కర్ బిడ్డ బ్యాక్టీరియా అందుకున్న ఎలుకలు బాగా చిక్కిపోయాయి. ఆరోగ్యంగా ఉన్న కవల బ్యాక్టీరియా అందుకున్నవి అంతగా చిక్కలేదు. గోపాలన్ వందేళ్లు బతికి 2019లో పోయారు. తన ప్రశ్నకు ఈ కొత్త మలుపు వచ్చేనాటికి ఆయన ఉన్నారు.

బ్యాక్టీరియా ఎముకను ఎలా పొడిగిస్తుంది? ఇక్కడ కాస్త నెమ్మదిగా నడవాలి. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి ఎదుగుదల హార్మోన్‌ను వదులుతుంది. అది కాలేయానికి చేరి ఐజీఎఫ్-1 అనే మరో హార్మోన్‌ను తయారు చేయిస్తుంది. ఎముకల చివర్లకూ కండరాలకూ పెరగమని చెప్పేది ముఖ్యంగా ఈ రెండోది. తిండి చాలనప్పుడు కాలేయం మొదటి హార్మోన్ మాట వినడం మానేస్తుంది. ఉన్న కాస్త శక్తిని ఎత్తు మీద ఖర్చుపెట్టకుండా బతకడానికి దాచుకోవడం దాని ఉద్దేశం. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఫ్రాన్స్వా లెలియే బృందం 2016లో చూపించింది ఏమంటే, పాలు మరిచిన ఎలుక పిల్లలకు చాలీచాలని మేత పెడుతూనే లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బ్యాక్టీరియాలో ఒక ప్రత్యేక రకాన్ని ఇస్తే, కాలేయం ఆ మాట మళ్లీ వింటుంది. ఐజీఎఫ్-1 పెరిగింది, ఎముకలూ పొడుగయ్యాయి. అదే జాతిలో మరో రకం అంత బాగా పనిచేయలేదు. 2023లో వాళ్లే ఇంకో అడుగు వేశారు. ఆ బ్యాక్టీరియా గోడలోని ఒక చిన్న ముక్కను పేగు కణాల్లోని నాడ్2 అనే ప్రొటీన్ పసిగడుతుంది. పసిగట్టాక పేగు పొర కణాలు చురుగ్గా పుట్టుకొస్తాయి, తిండిని పీల్చుకునే శక్తి పెరుగుతుంది. రోగం తెచ్చే క్రిములను గుర్తుపట్టడానికని మనం అనుకున్న కాపలా వ్యవస్థ, ఎదుగుదలకు కూడా పనికొస్తోంది. ఈ మొత్తం కథలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది ఇదే.

ఇక ఈ బ్యాక్టీరియా బిడ్డలోకి ఎప్పుడు వస్తాయి? ఎక్కువ భాగం పుట్టే గడియ నుంచీ. మామూలు కాన్పులో తల్లి జనన మార్గం నుంచి, ముఖ్యంగా ఆమె పేగుల నుంచి అంటుకుంటాయి. తర్వాత పాలు, చర్మం, ఎత్తుకున్నవాళ్ల చేతులు. మూడేళ్లు వచ్చేసరికి బిడ్డ పేగుల్లోని సమూహం పెద్దవాళ్లదానికి దగ్గరవుతుంది. ఆ మూడేళ్లలో ముందొచ్చినవి బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకున్నట్టు చోటు పట్టేస్తాయి, ఆలస్యంగా వచ్చినవాటికి నిలబడే జాగా ఉన్నా గొప్పే.

సిజేరియన్ బిడ్డలకు ఈ వరుస మారుతుంది. బ్రిటన్‌లో 596 మంది నెలలు నిండిన పిల్లలను గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషన్‌తో పుట్టినవాళ్లలో బాక్టీరాయిడ్స్ లాంటి తల్లి బ్యాక్టీరియా బాగా తగ్గి, ఆసుపత్రుల్లో తిరిగే ఎంటరోకాకస్, క్లెబ్సియెల్లా లాంటివి ఎక్కువగా కనిపించాయి. తొమ్మిది నెలలు వచ్చేసరికి తేడా చాలావరకు సమసింది. సిజేరియన్ పిల్లల్లో ఊబకాయం, ఆస్తమా కాస్త ఎక్కువని కొన్ని అధ్యయనాలు చెప్పినా, దానికి కారణం బ్యాక్టీరియాయే అని తేలలేదు. కోత పెట్టే ముందు తల్లికి ఇచ్చే యాంటీబయాటిక్, పాలు ఆలస్యం కావడం కూడా అందులో కలిసిపోయి ఉంటాయి. కాబట్టి అవసరమై ఆపరేషన్ చేయించుకున్న తల్లి బాధపడాల్సిన పనిలేదు. బిడ్డ అడ్డం తిరిగితే, తల్లికి బీపీ చెయ్యి దాటితే ఆ ఆపరేషనే ఇద్దరినీ బతికిస్తుంది.

అయితే అదే 2019-21 జాతీయ సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే. దేశం మొత్తం మీద 21.5 శాతం. ప్రైవేటు ఆసుపత్రులు మాత్రమే తీసుకుంటే ఇక్కడ 81.5 శాతం. అయిదుగురు తల్లుల్లో నలుగురికి అవసరమై కోత పెట్టారంటే నేను నమ్మను. నొప్పుల భయం, ఆసుపత్రి తొందర, పురోహితుడు రాసిచ్చిన ముహూర్తం ఇందులో ఎంతెంత వంతో ఎవరికి వారే లెక్క వేసుకోవచ్చు. నక్షత్రం కోసం బిడ్డను వారం ముందు బయటికి తీసే ఆచారం మన తాతలకు తెలియదు.

బ్యాక్టీరియా తర్వాత వాటి తిండి. తల్లిపాలలో లాక్టోజ్, కొవ్వు తర్వాత ఎక్కువగా ఉండేవి ఒలిగోశాకరైడ్లు అనే చక్కెర గొలుసులు. దాదాపు 200 రకాలు. విచిత్రం ఏమిటంటే వాటిని అరిగించుకోవడం బిడ్డకు చేతకాదు. అవి బిడ్డ కోసం కాదు, బైఫిడోబాక్టీరియం ఇన్ఫాంటిస్ లాంటి బ్యాక్టీరియా కోసం. అవి ఆ గొలుసులను తిని ఆమ్లాలు వదులుతాయి, పేగులో పులుపు పెరిగి చెడ్డ క్రిములకు చోటు దొరకదు. బంగ్లాదేశ్‌లో తీవ్రంగా చిక్కిపోయిన రెండు నుంచి ఆరు నెలల పిల్లలకు ఈ ఇన్ఫాంటిస్‌ను కొన్ని వారాలు ఇస్తే బరువు మెరుగ్గా పెరిగిందని 2022లో ఒక చిన్న పరీక్ష చూపించింది. మన దగ్గర మాత్రం, ఆ 2019-21 సర్వే ప్రకారం, పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు తెలంగాణలో 37 శాతమే. ముర్రుపాలు పిండి పారబోయడం తగ్గింది కానీ, ఆపరేషన్ అయిన తల్లి మత్తులో ఉందని మొదటి పూట డబ్బా పాలు పట్టడం పెరిగింది. తేనె నాకించడం, ఆముదం చుక్క వేయడం ఇంకా కొన్ని ఇళ్లలో సాగుతూనే ఉంది. తేనెలో బొటులిజం తెచ్చే క్రిమి బీజాలు ఉండవచ్చు, ఏడాది నిండేదాకా అది వద్దే వద్దు.

ఆరు నెలలు దాటాక వచ్చేది ఉగ్గు. ఇక్కడే మన ఊరి కథ మళ్లీ మొదలవుతుంది, ఢాకా మీదుగా. ఢాకాలోని మీర్పూర్ బస్తీల్లో, తహ్మీద్ అహ్మద్ నాయకత్వంలోని వైద్యులు గోర్డన్ బృందంతో కలిసి, పిల్లల పేగు బ్యాక్టీరియాకు నచ్చే దినుసులు ఏవో వెతికారు. పోషకాహార లోపమున్న పిల్లల బ్యాక్టీరియా వయసుకు తగ్గట్టు ముదరకుండా చిన్న పసికందులదానిలా ఉండిపోతుందని వాళ్లు 2014లోనే చూపించారు. దాన్ని ముందుకు నడిపే తిండి కోసం ఎన్నో మిశ్రమాలు పరీక్షించి చివరికి నాలుగు పదార్థాల దగ్గర ఆగారు: శనగపిండి, పల్లీపిండి, సోయాపిండి, పచ్చి అరటికాయ. ఏడాది, ఏడాదిన్నర వయసున్న 123 మంది పిల్లలకు మూడు నెలల పాటు, కొందరికి ఈ మిశ్రమం, మిగతావాళ్లకు మామూలుగా వాడే పోషకాహార పేస్టు పెట్టారు. పేస్టులో కేలరీలు ఎక్కువ. అయినా బరువు బాగా పెరిగింది శనగ, పల్లీ, అరటి తిన్నవాళ్లకే. రక్తంలో ఎముకల పెరుగుదలకూ మెదడు ఎదుగుదలకూ సంబంధించిన ప్రొటీన్లు కూడా వీళ్లలోనే పెరిగాయి. 2021లో ఈ ఫలితం వచ్చాక, బిడ్డ ఆహారాన్ని కేలరీలతో మాత్రమే కొలవడం చాలదని ఒప్పుకోక తప్పలేదు.

ఈ మిశ్రమం చదవగానే పోషకాహారం చదువుకున్న ప్రతి తెలుగువాడికీ ‘హైదరాబాద్ మిక్స్’ గుర్తుకు రావాలి. తార్నాకలోని సంస్థ లోపమున్న పిల్లల కోసం రూపొందించిన మిశ్రమం అది: వేయించిన గోధుమ 40 గ్రాములు, శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20. అప్పట్లో చూసింది మాంసకృత్తులూ కేలరీలూ మాత్రమే. అయినా ఢాకా వాళ్లు ఎంచుకున్న నాలుగింటిలో రెండు అప్పటికే అందులో ఉన్నాయి. దాని పక్కన, ఇప్పుడు ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లల కోసం నెలకు రెండున్నర కిలోల చొప్పున అంగన్‌వాడీలు ఇచ్చే బాలామృతాన్ని పెట్టి చూడండి. వందలో గోధుమ 55, చక్కెర 20, పాలపొడి 10, నూనె 10, శనగ 5. పల్లీ లేదు. పాలపొడి మంచిదే, నెలకు ఇచ్చే 16 గుడ్లు మరీ మంచివి. కానీ శనగకన్నా చక్కెర నాలుగింతలు ఎందుకుండాలో నాకు అర్థం కాదు.

మరి ఇడ్లీ, పెరుగు సంగతి? అడగకుండానే అందరి నోటా వచ్చే ప్రశ్న. ఇడ్లీ పిండి పులియబెట్టేది బ్యాక్టీరియాయే, కానీ ఆవిరికి చచ్చిపోతుంది. అరుగుదల సులువవుతుంది, అంతవరకే. పెరుగులోవి బతికే ఉంటాయి, ఆరు నెలల తర్వాత బిడ్డకు పెరుగన్నం నిక్షేపంగా పెట్టవచ్చు. వాటి వల్ల ఎత్తు పెరుగుతుందని మాత్రం ఎవరూ నిరూపించలేదు.

ఒడిశా పరీక్ష గురించి చెప్పకపోతే వ్యాసం అసంపూర్ణం. పినాకి పాణిగ్రాహి బృందం అక్కడి 149 గ్రామాల్లో తల్లిపాలు తాగే 4,556 మంది నవజాత శిశువులను తీసుకుంది. సగం మందికి ఏడు రోజుల పాటు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌లో ఒక రకాన్నీ, దానికి మేతగా ఒక చక్కెరనూ కలిపి ఇచ్చింది. రెండు నెలల్లో సెప్సిస్ లేదా మరణం, ఇవ్వనివాళ్లలో 9 శాతం, ఇచ్చినవాళ్లలో 5.4 శాతం. 2017లో ఈ ఫలితం వచ్చినప్పుడు ప్రపంచం ఒడిశా వైపు చూసింది. జబ్బు పడని బిడ్డే కదా ఎదిగేది. అలాగని మెడికల్ షాపులో ప్రోబయాటిక్ చుక్కల సీసా కొనుక్కొచ్చి పట్టమని కాదు. ఆ రకం వేరు, ఆ సీసాలోది వేరు. నెలలు నిండకుండా పుట్టిన ఒక శిశువు ఇలాంటి ఉత్పత్తి ఇచ్చాక చనిపోవడంతో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో హెచ్చరిక జారీ చేసింది.

మందుల ఊళ్లో ఉంటూ యాంటీబయాటిక్ మాట ఎత్తకుండా ముగించలేం. ఫిన్లాండ్‌లో 12,422 మంది పిల్లల రికార్డులు చూస్తే, పుట్టిన రెండు వారాల్లోపు యాంటీబయాటిక్ పడ్డ మగపిల్లలు ఆరేళ్ల దాకా ఎత్తులోనూ బరువులోనూ కాస్త వెనకబడి ఉన్నారు. అదే మలావీలో, తీవ్ర లోపంతో ఉన్న పిల్లలకు పోషకాహారంతోపాటు అమాక్సిసిలిన్ ఇస్తే మరణాలు తగ్గాయి. ప్రాణం మీదికొచ్చిన చోట మందు దేవుడే. ముక్కు కారితే, జలుబుకు జ్వరం తగిలితే, ఆర్ఎంపీ దగ్గరో మందుల షాపులోనో సిరప్ అడిగి తెచ్చుకునే అలవాటు వేరు. బాలానగర్‌కు కొద్ది దూరంలోని పటాన్‌చెరులో, మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వదిలే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం బయటపెట్టింది. మన బ్యాక్టీరియాకు మందు రుచి మనం అనుకున్నదానికన్నా ముందే తెలుసు.

కాన్పు దగ్గర పడుతున్న ఇంట్లో అడగాల్సినవి మూడే ప్రశ్నలు: ఆపరేషన్ ఎందుకు, మొదటి గంటలో పాలు పట్టేది ఎవరు చూస్తారు, ఈ యాంటీబయాటిక్ ఏ జబ్బుకు. ప్రభుత్వం చేయాల్సింది ఒకటుంది. తార్నాకలో పోషకాహార సంస్థ ఉంది. హబ్సిగూడలో బ్యాక్టీరియా జన్యువులను చదవగల సీసీఎంబీ ఉంది. నాచారంలో బాలామృతం తయారుచేసే తెలంగాణ ఫుడ్స్ ఉంది. మూడూ ఇరుగుపొరుగే. చక్కెర తగ్గించి, శనగ పెంచి, పాలమూరు పల్లీ కలిపిన బాలామృతాన్ని, ఇప్పుడున్నదాన్ని పక్కపక్కన పెట్టి, బాలానగర్ లాంటి చోట్ల పిల్లల బరువు, ఎత్తుతోపాటు పేగు బ్యాక్టీరియాను కూడా కొలవాలి. ఏది ఒంటికి పడితే దాన్నే ఇవ్వాలి.